బోర్డులో లేని ఇల్లాలు: లైంగిక వ్యాధుల నివారణ భాషపై ఒక విమర్శ

2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా రోడ్ల పక్కన ఒక ప్రశ్న వెలసింది. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్నదే ఆ ప్రశ్న. పులిరాజా ఎవరో, ప్రశ్న వేస్తున్నది ఎవరో మొదట ఎవరికీ తెలియలేదు. జనం ఆగి చదివారు, నవ్వుకున్నారు, బస్సుల్లో, టీ కొట్ల దగ్గర ఒకరినొకరు అడిగి చూశారు. కొంత వ్యవధి తరువాత జవాబు వచ్చింది. జాగ్రత్త పాటించకపోతే పులిరాజాకైనా, మరెవరికైనా ఆ వ్యాధి వస్తుందన్నది దాని సారాంశం. లైంగిక వ్యాధుల నివారణ కోసం ప్రభుత్వం తెలుగులో పలికించిన మాటలన్నింటిలో సామాన్య జనం నోట ఈనాటికీ నిలిచి ఉన్నది ఈ ఒక్క వాక్యమే అంటే అతిశయోక్తి కాదు.

ఒక ప్రకటనను పట్టుకొని విమర్శ రాయడమేమిటని విజ్ఞులు కొందరు ప్రశ్నించవచ్చు. కాని లక్షలాదిమంది చదివిన వాక్యం కావ్యంలో ఉన్నా, రోడ్డు పక్క రేకు మీద ఉన్నా వాక్యమే. అది ఎవరితో మాట్లాడింది, ఎవరిని విడిచిపెట్టింది, ఏ మాటను ఎన్నుకొన్నది అని అడగవలసే ఉన్నది. మాట గురి తప్పితే ఒక మనిషి ఆరోగ్యమో, ప్రాణమో పోయే విషయంలో ఈ విచారణ మరింత అవసరం.

ముందుగా ఆ వాక్యం గుణాలను ఒప్పుకోవాలి. అంతకు మునుపటి ప్రకటనలు పుర్రె బొమ్మలతో, ప్రాణాంతకమన్న హెచ్చరికలతో జనాన్ని భయపెట్టేవి. భయపడినవాడు తల తిప్పుకొని పోతాడే గాని చదవడు. ఇది భయపెట్టలేదు, ఉపదేశించలేదు, కేవలం అడిగింది. "పులిరాజా" అన్న పేరులో కులం లేదు, మతం లేదు, జిల్లా లేదు. పులి అన్నమాటలో మగతనపు డాబు ఉన్నది, రాజా అన్నమాటలో అండలేనివాని గొప్ప ఉన్నది. తనకేమీ కాదనుకొనే మగవాని స్వభావాన్ని రెండు మాటల్లో పట్టుకొన్న ఆ రచయిత ఎవరో గాని తెలుగు బాగా తెలిసినవాడు.

దోషం కూడా అక్కడే ఉన్నది. ఆ ప్రశ్నలో ఉన్నది పులిరాజా ఒక్కడే. పులిరాజాకు ఒక ఇల్లు ఉండి ఉంటుంది, ఆ ఇంట్లో ఒక ఇల్లాలు ఉండి ఉంటుంది. ఆమెకు వస్తుందా అని ఆ ప్రశ్న అడగలేదు. అంతేకాదు, కొద్దికాలానికే పులిరాజా అన్నది ఎగతాళి మాట అయింది. మందుల దుకాణంలో నిరోధ్ అడిగినవాడిని పక్కనున్నవారు ఆ పేరుతో పిలిచి నవ్వితే, ఆ ప్రకటన దేనిని అమ్మబోయిందో దానికే అడ్డు తగిలిందన్నమాట. తన పెళ్లాన్ని కాపాడుకోవడానికి దానిని కొన్న గృహస్థుకు వేరే పేరు ఆ భాషలో లేకపోయింది.

బొగ్గు ప్రాంతంలో నిలబడి చదివితే ఈ లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరిఖనిలో బొగ్గు తవ్వకం 1960ల తొలినాళ్లలో మొదలైనది. పక్కనే రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పనిచేయసాగింది. 1978లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి పునాది పడింది. 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనూ, అటుతరువాత పెద్దపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణాలకు చుట్టుపక్కల పల్లెల నుండే గాక దూర రాష్ట్రాల నుండి కూడా మనుషులు బతకడానికి వచ్చారు. బాయి పని మూడు షిఫ్టులు నడుస్తుంది. నెల నెలా జీతం చేతికొస్తుంది. బొగ్గు లారీలు, బూడిద లారీలు హైదరాబాదు రోడ్డు మీద రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఇంటికి దూరమైన మగవారు, చేతిలో రొక్కం, లారీల బాట కలిసినచోట లైంగిక వ్యాధులకు దారి ఏర్పడుతుందని ప్రపంచమంతటా గమనించినదే. దక్షిణాఫ్రికా బంగారు గనుల చరిత్ర ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

అయితే ఒక తేడా ఉన్నది. దక్షిణాఫ్రికా గనుల్లో కార్మికుణ్ణి భార్యాపిల్లలను తెచ్చుకోనివ్వక హాస్టళ్లలో ఉంచారు. సింగరేణిలో కంపెనీ క్వార్టర్లు కట్టి ఇచ్చింది. కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. కనుక బయటినుండి వచ్చే వ్యాధికి ఇక్కడ చివరి మజిలీ క్వార్టరులోని పడకగది. మన దేశంలో హెచ్.ఐ.వి. సోకిన వివాహిత స్త్రీలలో అత్యధికులకు అది భర్త ద్వారానే సోకినదని వైద్యులు ఎంతోకాలంగా చెబుతున్నారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాలలో పెద్దలలో హెచ్.ఐ.వి. దేశ సగటు 0.20 శాతం కాగా, తెలంగాణలో 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62. ఉద్ధృతి తగ్గినా దేశ సగటుకు రెండింతలు, మూడింతలుగా తెలుగు నేల ఇంకా నిలిచి ఉన్నది. ఇంతటి విషయంలో ఇల్లాలితో మాట్లాడే భాష ఏది?

ఆ భాష ఎందుకు లేకపోయిందో తెలియాలంటే "నిరోధ్" అన్న మాట చరిత్ర చూడాలి. భారత ప్రభుత్వం 1952లోనే కుటుంబ నియంత్రణ కార్యక్రమం చేపట్టింది. ప్రపంచంలో ఇటువంటి పని ఒక ప్రభుత్వం చేయడం అదే మొదలు. 1968లో నిరోధ్ పేరుతో రబ్బరు తొడుగులను మూడింటిని 15 పైసలకు కిరాణా కొట్లలో కూడా అమ్మించసాగింది. 1969 నుండి కేరళలోని హిందుస్తాన్ లేటెక్స్ కర్మాగారం వాటిని తయారుచేసింది. నిరోధమంటే అడ్డుకోవడం. దేనిని అడ్డుకోవడం? ఆనాడు జవాబు ఒక్కటే: గర్భాన్ని. తలకిందులైన ఎర్ర త్రికోణం, నవ్వే తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, వీటి నడుమనే ఆ మాట పుట్టింది. అంటే అది పుట్టుకతో సంసారుల మాట.

1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడిన తరువాత, మరీ ముఖ్యంగా 1992లో జాతీయ సంస్థ ఏర్పడిన తరువాత, అదే రబ్బరు తొడుగు రెండవ పనికి వచ్చింది. ఈసారి అడ్డుకోవలసినది రోగాన్ని. ప్రచారం లారీ డ్రైవర్ల వైపు, వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీల వైపు సాగింది. వైద్య దృష్టితో అది సరైన పనే. ప్రమాదం ఎక్కువ ఉన్నచోటికే ముందు పోవాలి. కాని భాషలో జరిగిన మార్పును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సంసారుల మాట క్రమంగా రోడ్డు మాట అయింది. భార్య దిండు కింద ఉండవలసిన వస్తువు భర్త జేబులో కనిపిస్తే అది ఆమెకు రక్షణగా కాక అతని నేరానికి రుజువుగా కనిపించసాగింది.

ఇంతలో ఇంటిలోపల మరొక మాట దాని స్థానాన్ని ఆక్రమించింది. అది "ఆపరేషన్". ఆపరేషన్లు వంద రకాలు, అయినా ఒక స్త్రీ గురించి "ఆపరేషన్ అయిందా?" అని అడిగితే తెలుగు నేలలో అర్థం ఒక్కటే. వార్తాపత్రికలు "కు.ని. ఆపరేషన్లు" అని పొట్టి చేసి రాస్తాయి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 82 లక్షలకు పైగా ఇటువంటి శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో 62 లక్షల దాకా మగవారికి చేసినవే. ఆనాటి నిర్బంధం జనం మనసులో, ముస్లింల మనసులో మరీ గాఢంగా, చేదును మిగిల్చింది. ప్రభుత్వం ఆ తరువాత మగవాని జోలికి పోవడానికి జంకింది. బరువంతా ఆడదాని మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకొన్నవారే. భర్త నిరోధ్ వాడుతున్నాడని చెప్పినవారు నూటికి ఒకరిద్దరిని మించరు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదివితే గాని సంగతి తెలియదు. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, రోగాన్ని ఆపదు. కాపర్-టి గాని, మాత్ర గాని ఆపవు. గర్భాన్నీ, రోగాన్నీ రెండింటినీ ఆపగలిగేది తొడుగు ఒక్కటే. కాని ఇద్దరు పిల్లల తరువాత ఇరవై నాలుగో, ఇరవై అయిదో ఏట ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి ఇక అది ఎందుకన్నది మామూలు ప్రశ్న. "ఆపరేషన్ అయింది గదమ్మా, ఇంక గదెందుకు?" అన్న మాటకు ఆ ఇంటి తర్కంలో జవాబు లేదు. అడిగితే భర్తను అనుమానించినట్లు. అతడు తానే తెస్తే తప్పు ఒప్పుకొన్నట్లు. కుటుంబ నియంత్రణ విజయమని లెక్కల్లో రాసుకొన్న ఆపరేషనే, మరొక దిక్కు నుండి చూస్తే, ఆమె చేతిలోని ఒకే ఒక సాకును తీసివేసింది. మరో కాన్పు వద్దన్న నెపంతో తన దేహాన్ని రోగం నుండి కాపాడుకొనే వీలు అంతకుముందు ఆమెకు కొంతైనా ఉండేది.

ఇక రోగానికి పెట్టిన పేరు సంగతి. ఆధునిక తెలుగు ఈ వ్యాధులను "సుఖవ్యాధులు" అన్నది. పాఠ్యపుస్తకాలు, ఆసుపత్రి పలకలు, పత్రికలు అన్నీ చాలాకాలం ఆ మాటనే వాడాయి. సుఖం వల్ల వచ్చిన వ్యాధి అని దాని అర్థం. అంటే పేరులోనే తీర్పు ఉన్నది. పాత మాటలు ఇలా లేవు. గనేరియాను పల్లె జనం "సెగ" అన్నారు. మూత్రం పోసేటప్పటి మంట ఆ పేరులో ఉన్నది. ఉర్దూలో దానిని "సూజాక్" అంటారు. అది కూడా ఫార్సీలో కాలడం, మండడం అన్న ధాతువు నుండి వచ్చినదే. సిఫిలిస్‌ను తెలుగువారు "కొరుకు" అన్నారు, పుండు మాంసాన్ని కొరికివేస్తున్నది గనుక. ఉర్దూవారు "ఆతిషక్" అన్నారు. ఆతిష్ అంటే నిప్పు. పదహారవ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం దానిని ఫిరంగ రోగమన్నది; పడవల మీద వచ్చిన పరాయివాని పేరు పెట్టి తన ఊరిని నిర్దోషిగా చూపుకోవడం మానవ స్వభావం, అది వేరే సంగతి. గమనించవలసినదేమంటే, సెగ, సూజాక్, కొరుకు, ఆతిషక్ అన్న నాలుగు మాటలూ రోగి పడే బాధను చెప్పాయి. సుఖవ్యాధి అన్న చదువుకొన్న మాట రోగి చేసిన తప్పును చెప్పింది.

గోదావరిఖనిలో రెండో షిఫ్టు దిగివచ్చిన భర్త నుండి వ్యాధి అంటిన ఇల్లాలి విషయంలో ఈ పేరు ఎంత అన్యాయమో ఆలోచించాలి. ఆమె పొందని సుఖానికి ఆమె దేహం మీద బోర్డు కట్టినట్లు. పైగా స్త్రీలలో గనేరియా, క్లమీడియా వంటివి చాలాసార్లు ఏ మంటా, ఏ నొప్పీ లేకుండానే లోపల పాకిపోతాయి. గర్భనాళాలు దెబ్బతిని సంతానం కలగకుండా పోవచ్చు. సెగ తగిలినవాడు ఏ సూదిమందో వేయించుకొని బాగుపడతాడు. సెగ తగలనే లేదనుకొన్న భార్య గొడ్రాలన్న పేరు మోస్తుంది. సిఫిలిస్ తొలి దశలోనే గుర్తిస్తే పెన్సిలిన్‌తో నయమవుతుంది. గుర్తించకపోతే కడుపులోని శిశువుకు పోతుంది. భార్యాభర్తలిద్దరికీ కలిపి చికిత్స చేయనిదే ఈ రోగాలు ఇల్లు విడిచిపోవు. ఒకరికి మందిచ్చి ఒకరిని వదిలివేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రులలో ఇప్పుడు ఈ విభాగానికి "సురక్ష క్లినిక్" అని పేరు. పేరు మార్చినవారి ఉద్దేశం మంచిదే. సుఖం పోయి రక్షణ వచ్చింది. మందులను రంగుల పెట్టెల్లో పెట్టి, లక్షణాన్ని బట్టి ఏ రంగుదో ఇచ్చే ఏర్పాటు కూడా సౌకర్యమైనదే. కాని బస్టాండు గోడ మీద "గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స" అని రాయించిన నకిలీ వైద్యుడు తన పాఠకుణ్ణి సర్కారు కంటే బాగా ఎరుగునేమో అనిపిస్తుంది. జనానికి ముందు కావలసినది గోప్యత అని అతనికి తెలుసు. కంపెనీ ఊళ్లో ఆసుపత్రీ కంపెనీదే, క్వార్టరూ కంపెనీదే. మందు చీటీ రాసే గది బయట కూర్చున్నవాడు పొద్దున పక్క సీటులో బాయికి పోయినవాడే. అటువంటి చోట రహస్యం దొరకడం దుర్లభం.

ఈ లోపాలన్నీ లౌకిక ప్రచారానివే, ధార్మిక సాహిత్యం వీటికి అతీతమనుకొంటే పొరపాటు. ఇస్లామీయ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారి బాధ్యత ఇక్కడ మరింత పెద్దది. ఎందుకంటే బొగ్గు ప్రాంతపు ముస్లిం యువతీయువకులలో ఉర్దూ మాట్లాడేవారు ఉన్నా, ఉర్దూ చదవగలిగేవారు తగ్గిపోయారు. దూదేకుల కుటుంబాలకు తెలుగే ఇంటి భాష. వారికి ధర్మశాస్త్రం ఏమి చెప్పిందో తెలుగు అనువాదమే చెప్పాలి.

ధర్మశాస్త్రం ఈ విషయంలో మౌనంగా లేదు. "అజ్ల్" పేరుతో, అంటే వీర్యాన్ని బయట విడిచి గర్భాన్ని తప్పించడమన్న పేరుతో, హదీసు గ్రంథాల్లోనూ ఫిఖ్హ్ గ్రంథాల్లోనూ సుదీర్ఘమైన చర్చ ఉన్నది. దైవప్రవక్త (స) కాలంలో, ఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లోనే తాము అజ్ల్ చేసేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది; తమను వారించలేదన్న మాట ముస్లింలో ఉన్నది. దానిని రహస్య శిశుహత్యతో పోల్చిన హజ్రత్ జుదామా (రజి) ఉల్లేఖనం కూడా ముస్లింలో ఉన్నది. దాని ఆధారంగా ఇబ్న్ హజ్మ్ నిషేధమన్నాడు. అత్యధిక పండితులు అనుమతినే స్వీకరించారు. 1111లో పరమపదించిన ఇమాం గజాలీ ఇహ్యా గ్రంథంలోని వివాహ ప్రకరణంలో ఎటువంటి కారణాలతో అజ్ల్ చేయవచ్చునో విడివిడిగా చర్చించాడు. ప్రసవ ప్రమాదం నుండి భార్య ప్రాణం కాపాడుకోవడం, సంతానం ఎక్కువై బతుకు ఇరుకున పడకుండా చూసుకోవడం వాటిలో ఉన్నాయి. ఇది మసీదులో చదివిన గ్రంథం, మద్రసాలో చెప్పిన పాఠం. ఆ పాఠం చెప్పిన ఉస్తాదులు సిగ్గుపడలేదు. అన్సారు స్త్రీలను ధర్మజ్ఞానం నేర్చుకోకుండా లజ్జ ఆపలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకొన్నది కూడా ఇటువంటి విషయాల సందర్భంలోనే.

ఆ చర్చలో తెలుగు పాఠకునికి అందకుండా పోతున్న ముఖ్యాంశం ఒకటి ఉన్నది. హనఫీ, మాలికీ, హంబలీ పండితులలో అత్యధికులు భార్య సమ్మతి లేకుండా అజ్ల్ చేయరాదన్నారు. పన్నెండవ శతాబ్దపు హనఫీ పండితుడు కాసానీ చెప్పిన కారణం గమనార్హం: సంతానం ఆమె హక్కు గనుక ఆమెను అడగాలి. హంబలీ పండితుడు ఇబ్న్ ఖుదామా కూడా ఆమె హక్కు, ఆమెకు కలిగే నష్టం అన్న దారిలోనే వాదించాడు. అంటే పడకగదిలో జరిగేదానిలో భార్యకు అడిగే, ఒప్పుకొనే, కాదనే హోదా ఉన్నదని ఎనిమిది వందల సంవత్సరాల క్రితమే రాసిపెట్టారు. తరువాతి హనఫీ పండితులలో ఇబ్న్ అల్-హుమామ్ మొదలుకొని ఇబ్న్ ఆబిదీన్ దాకా కొందరు, కాలం చెడిపోయినది గనుక సమ్మతి లేకున్నా ఫరవాలేదని సడలించారు. చెడిన కాలంలో చెడ్డ సంతానం కలుగుతుందేమోనన్నది వారి భయం. అదే తర్కాన్ని బొగ్గు పట్టణంలో తిప్పి చదవవలసి ఉన్నది. కాలం చెడినదే అయితే భార్య మాటకు బలం పెరగాలి గాని తరగరాదు.

ఇప్పుడు అనువాదకుని ముందున్న చిక్కు చూడాలి. అజ్ల్ అన్న మాటను అట్లాగే తెలుగు లిపిలో రాసి వదిలివేయవచ్చు. పాఠకునికి ఏమీ బోధపడదు, ఎవరికీ సిగ్గు కలగదు. "సంతాన నిరోధం" అని తెలుగు చేయవచ్చు. అప్పుడు భార్యాభర్తల నడుమ సంగతి కాస్తా జనాభా సమస్య అయిపోతుంది, సమ్మతి అన్న విషయం గాలికి పోతుంది. లేదా జరిగేది జరిగినట్లు నాలుగు మాటల్లో విడమర్చి చెప్పవచ్చు. మూడవది కష్టం, మూడవదే సరైనది. మూలంలో ఉన్న స్పష్టతను తెలుగు మర్యాద పేరిట తగ్గించే అధికారం అనువాదకునికి లేదు.

ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చిన భావజాలం రెండవ మార్గాన్నే బలపరచింది. మౌలానా మౌదూదీ 1930లలో తర్జుమానుల్ ఖుర్ఆన్‌ను హైదరాబాదు నుండి నడుపుతూ సంతాన నిరోధ ఉద్యమాన్ని విమర్శించాడు. ఆ రచన తరువాత "ఇస్లాం ఔర్ జబ్తె విలాదత్" అన్న గ్రంథంగా స్థిరపడింది. మాల్థస్ అనుయాయులకు, పశ్చిమ దేశాల నైతిక పతనానికి ఎదురు నిలిచి రాసిన గ్రంథమది. ఆ వాదన పదును కాదనలేనిది. గర్భభయం తొలగితే వ్యభిచారం పెరుగుతుందని, దానివెంట రోగాలు పెరుగుతాయని అందులో ఒక ముఖ్యమైన తర్కం. వీధిలో తిరిగే పురుషుణ్ణి దృష్టిలో పెట్టుకొంటే ఆ తర్కానికి కొంత అర్థమున్నది. కాని నికాహ్ చేసుకొని, గడప దాటకుండా, తన వంతు పవిత్రతను పూర్తిగా పాటించిన స్త్రీకి ఇంటికే వచ్చిన రోగం సంగతి ఆ చట్రంలో ఇమడదు. శీలమే నివారణ అన్న ఉపదేశం ఇద్దరూ పాటిస్తేనే నివారణ. ఒకరు పాటించి ఒకరు తప్పితే, పాటించినవారికి ఉపదేశం ఏ రక్షణా ఇవ్వలేదు. ఆశ్చర్యమేమంటే, పులిరాజా బోర్డూ, ఆ బోర్డును ఖండించిన ఉపన్యాసమూ ఈ ఒక్క విషయంలో ఏకమైపోయాయి. రెండూ మగవానితోనే మాట్లాడాయి.

తరువాతి కాలపు పండితులు ఈ ఖాళీని కొంత గుర్తించారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ, అనివార్యమైతే తప్ప సంతానశక్తిని శాశ్వతంగా తొలగించరాదని, కాన్పుల మధ్య ఎడం కోసం తాత్కాలిక పద్ధతులను దంపతులు పరస్పర సంప్రదింపుతో, అంగీకారంతో అవలంబించవచ్చునని తీర్మానించింది. ఆ రెండు మాటలూ పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో ఖుర్ఆన్ బఖరా సూరాలో వాడినవే. ఈ తీర్మానాన్ని తెలంగాణ అంకెల పక్కన పెడితే ఒక విచిత్రం తేలుతుంది. పండితులు అనుమతించిన తాత్కాలిక పద్ధతులలోనే రోగాన్ని ఆపగలిగినదీ ఉన్నది. పండితులు వద్దన్న శాశ్వత పద్ధతినే సమాజమంతా, ముస్లిం ఇళ్లు కూడా మినహాయింపు కాకుండా, పట్టుకొని కూర్చున్నది.

ఎయిడ్స్ గురించి కూడా అదే అకాడమీ 1995లో అబూధాబీలో చర్చించి, తెలిసి తెలిసి రోగాన్ని ఇతరులకు అంటించడం మహాపాపమన్నది; రోగిని వెలివేయవలసిన పనిలేదన్నది; భర్తకు ఆ రోగం ఉంటే భార్య విడిపోవాలని కోరవచ్చునన్నది. ఇందులో కొత్తదనం లేదు. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలరాదన్న ప్రవక్త (స) ఆదేశం బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్నది. అంటు అన్నది లేదనే మరొక ఉల్లేఖనంతో దానిని పండితులు సమన్వయం చేశారు: రోగం స్వతంత్ర శక్తితో అంటదు, అయినా జాగ్రత్త విధి. పశువుల విషయంలో చెప్పిన ఈ మాటను పడక విషయంలో చెప్పడానికి ఖతీబులు ఎందుకు జంకుతారో తెలియదు.

చట్టం కూడా ఇంతకంటే ధైర్యంగా మాట్లాడింది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ అభిప్రాయాలను స్వీకరించి తయారుచేసిన పునాది మీద 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం, భర్తకు తీవ్రమైన లైంగిక వ్యాధి ఉండటాన్ని భార్య విడాకులు కోరదగిన కారణాలలో చేర్చింది. 2019లో ఆ పక్కనే ఉన్న కుష్ఠు అన్న మాటను తొలగించారు; ఈ మాట నిలిచి ఉన్నది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి. చట్టం, రోగి సమ్మతి లేకుండా రహస్యం బయటపెట్టరాదన్నది. ఉద్యోగంలో వివక్ష చూపరాదన్నది. 100 మంది గాని అంతకు మించి గాని పనిచేసే సంస్థలలో ఫిర్యాదులు స్వీకరించే అధికారి ఉండాలన్నది. ఇది బొగ్గు సంస్థకూ వర్తించే నియమమే. అదే చట్టం, తన స్థితి తెలిసినవాడు తన సహచరికి సోకకుండా జాగ్రత్త తీసుకోవాలని, అతడు చెప్పకపోతే నియమాల ప్రకారం వైద్యుడో, సలహాదారో ఆమెకు చెప్పవచ్చునని కూడా రాసింది. రహస్యం అతనిది, ప్రాణం ఆమెది అన్న తూకాన్ని ఇంత జాగ్రత్తగా వేసిన వాక్యం తెలుగు ఉపన్యాసాలలో గాని, ప్రకటనలలో గాని కనబడదు.

ఈనాడు వైద్యం కూడా మారింది. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం ప్రారంభించిన ఏ.ఆర్.టి. మందులను క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుండి లైంగిక సంబంధం ద్వారా హెచ్.ఐ.వి. సోకదని నిర్ధారణ అయింది. అంటే పరీక్ష చేయించుకొని మందు వాడే భర్త ఆ మేరకు భార్యను కాపాడుతున్నట్లే. ఇంత మంచి వార్తను కూడా ఇల్లాలికి అర్థమయ్యే వాక్యంలో ఎవరూ గోడ మీద రాయలేదు.

ఒక పదం సంగతి చెప్పవలసి ఉన్నది. అజ్ల్ చర్చలో అరబీ మూలం భార్య "ఇజ్న్" లేకుండా అంటుంది. దీనిని "భార్య ఇష్టం లేకుండా" అని అనువదిస్తే చదవడానికి నునుపుగా ఉంటుంది. ఇష్టమన్నది మనసులో ఉండే సంగతి, అడగకపోయినా ఊహించుకోవచ్చు. ఇజ్న్ అటువంటిది కాదు. అడిగితేనే వచ్చేది, ఇచ్చేవారికి ఇవ్వకుండా ఉండే అధికారం ఉన్నప్పుడే అర్థమున్నది. తెలుగులో దానికి సరైన మాట "అనుమతి". భర్త భార్యను అనుమతి అడగడమన్నది తెలుగు చెవికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ఇబ్న్ ఖుదామా రాసినది మాత్రం అదే.